ఆయుధపూజ నాడు ఆపిన యంత్రం

గద్వాల
6 అక్టోబరు 2025

చిరంజీవి శ్రీశైలానికి మేనమామ జంగయ్య ఆశీస్సులు.

కుశలమని మొదలుపెట్టడానికి చేయి రాలేదు. ఇక్కడ అది లేదు. నీవున్న చోట ఉండదు. జైలు ఫోనులో నీకిచ్చే కొద్ది నిమిషాలు లింగాలలో ఉన్న మీ అమ్మ సావిత్రమ్మ ఏడుపుకే చాలవు. అందుకని ఉత్తరం రాస్తున్నాను. అధికారులు చదివిన తర్వాతే ఇది నీ చేతికి వస్తుందట. చదవనీ. మనం దాచవలసినది ఏముంది?

ముందు ఇంటి సంగతి. దసరా నాడు నలుగురూ జమ్మి ఆకు పంచుకుని ఆలింగనాలు చేసుకుంటున్న వేళ, మన షెడ్డు నేతగాడు యాదయ్య అన్నలు ఇటిక్యాల నుండి గొడ్డళ్లతో వచ్చారు. షెడ్డులోని మగ్గాల మీద ఉన్న పడుగులన్నిటినీ నరికారు. నేతవాడి పడుగు కోయడమంటే ఈనుతున్న ఆవును పొడవడమే. అడ్డుపోయిన నా నుదుట రాయి తగిలింది. తెగిన పట్టుపోగులు గాలికి ఊగుతుంటే పెద్దవాడు నా మెడ వంచి చూపించాడు: "సూడు పంతులూ, మంచిగ సూడు! మా తమ్ముని చెయ్యి గూడ దవాఖానల గిట్లనే ఏలాడుతుంది."

 పూజకు నూరిపెట్టిన కొడవలిని అష్టమి రాత్రి ముందుగా యాదయ్యే ఎత్తాడనీ, నీవు దాన్ని లాక్కునే పెనుగులాటలో వాడు కొడవలితో సహా మగ్గం గుంటలో పడ్డాడనీ నీవు చెప్పావు. నాకు ఆ మాట చాలు. కాని న్యాయస్థానానికి చాలదు. షెడ్డులోని కెమెరా చూసినదంతా మూలనున్న కంప్యూటరులో నిలువ ఉంటుందని నీవే ఒకప్పుడు చెప్పావు. నీ పక్షాన ఉన్న సాక్షి అదొక్కటే.

ఆ సాక్షిని నేనే చంపానేమోనని నా భయం. మహానవమి ఉదయం పోలీసులు నిన్ను తీసుకుపోయిన తర్వాత నేను మగ్గం గుంట కడిగాను. ఎన్ని బిందెలు పోసినా నీళ్లు ఎర్రగానే పారాయి. అంత జరిగినా ఆయుధపూజ మానరాదని కత్తెరలు, కత్తులు, పేక పోగును అటూ ఇటూ నడిపే నాడెలు వరుసగా పేర్చాను. పోలీసులు పట్టుకుపోయిన కొడవలి చోటు ఖాళీగా ఉంచాను. మూలన నీ కంప్యూటరు తెర మీద తెల్లని అక్షరాలు ఒకదాని వెంట ఒకటి పరుగెత్తుతున్నాయి. ఆ దినం ఏ పనిముట్టూ కదలరాదన్నది మన తాతల నాటి నియమం. తీగ పెరికి, పెట్టెకు కుంకుమ బొట్టు పెట్టి, బంతిపువ్వు ఉంచాను.

దశమి నాడు మళ్లీ తీగ తగిలిస్తే నల్లని తెర మీద ఇంగ్లీషులో ఒకే మాట నిలిచిపోయింది: కెర్నల్ పానిక్. నిఘంటువు చూశాను. గింజకు భయం పుట్టిందని అర్థం వచ్చింది. వచ్చిన కానిస్టేబులు ఒక్కసారి తొంగిచూసి, "గిది సచ్చింది పెద్దాయనా, లేస్తే చెప్పు" అని పోయాడు. దీన్ని లేపే మార్గం వివరంగా రాయి. నా మూఢత్వానికి నీకు శిక్ష పడకూడదు.

నీ మేలుకోరే
జంగయ్య


జిల్లా జైలు
10 అక్టోబరు

పూజ్యులైన మామయ్యకు శ్రీశైలం నమస్కారాలు.

మీ నుదుటి గాయం గురించి చదివి పళ్లు కొరుక్కున్నాను. బయట ఉంటే ఆ అన్నల సంగతి చూసేవాణ్ని. (చదివే అధికారి గారు క్షమించాలి.)

కంప్యూటరు గురించి అడిగారు. ఆ రోజు తెల్లవారగానే యంత్రాన్ని నడిపే లినక్సుకు కొత్త రూపం ఎక్కిస్తున్నాను. దాన్నే అప్‌గ్రేడు అంటాం. మీరు తీగ పెరికే సమయానికి పాతది సగం ఊడి ఉంది, కొత్తది సగమే అతికి ఉంది. యంత్రం లేవాలంటే ముందుగా లేవవలసిన మూలభాగం కెర్నల్. తన డిస్కు ఎక్కడుందో అదే కనుక్కోలేకపోతోంది. అందుకే ఆ మాట. ఇక అందులోని పాతవేవీ దొరకవు. మీ మీద నాకు కోపం లేదు. ఆశ పెట్టుకోకండి.

మగ్గాల డిజైన్లకు యంత్రం కావాలి కాబట్టి దాన్ని కొత్తగా నిలబెట్టండి. నా బల్ల సొరుగులో ఎర్ర పెన్‌డ్రైవు ఉంది. అది గుచ్చి, యంత్రం వెలిగించగానే ఎఫ్ పన్నెండు మీట నొక్కితే పట్టీ వస్తుంది. పెన్‌డ్రైవు పేరు ఎంచుకోండి. తరువాత మొదట కనిపించే దారినే పోండి. ఏది అడిగినా ఎంటర్ కొట్టండి, చదువుతూ కూర్చోకండి.

ఇక్కడ నా పక్కన పెద్దమందడి మనిషి ఉన్నాడు. బోరు నీళ్ల కోసం సొంత అన్నను గడ్డపారతో పొడిచాడు. పొద్దంతా పెసర చేను గురించే మాట్లాడతాడు. పడుకునే చోటు కోసం మొదటి రోజే నా పెదవి చీల్చాడు. ఇప్పుడు తన చపాతీలో సగం నాకిస్తాడు.

అమ్మను ఇక్కడికి రానివ్వకండి.

మీ
శ్రీశైలం


గద్వాల
15 అక్టోబరు

చిరంజీవి శ్రీశైలానికి,

చదవకుండా ఎంటర్ కొట్టమన్నావు. ముప్పై ఏళ్లు బడిలో తెలుగు చెప్పినవాణ్ని. టీక చూడనిదే పద్యం ముట్టలేదు. నీవు చెప్పినట్లు ఎర్ర పెన్‌డ్రైవు గుచ్చాను, మీట నొక్కాను, పట్టీ వచ్చింది. మొదటి దారిలో పోతే ఒక హెచ్చరిక నిలిచింది: ఈ డిస్కులోని సమస్తమూ చెరిగిపోతుందని. నా వేలు మీట మీదే ఆగింది. నాయనా, జైలు గోడలు నీ బుద్ధిని మసకబార్చాయి. నిన్ను కాపాడే సాక్షి గొంతును నా చేతనే కోయించబోయావు! వెంటనే ఆపివేశాను.

డిస్కు నిజంగా చచ్చిందో, మూర్ఛలో ఉందో తెలిసినవారు చూడాలి. వనపర్తిలో కంప్యూటరు పాఠాలు చెప్పే జబీన్ నీకు గుర్తుండదు. ఒకప్పుడు నా దగ్గర ఛందస్సు నేర్చుకున్న పిల్ల. ఆమెను అడుగుతాను.

యాదయ్య కుడిచేయి కర్నూలులో మోచేతి పైకి తీసివేశారు. మెడ గాయం చీము పట్టిందట. నిన్న వాడి భార్య సత్యమ్మ మన గడప ముందు నిలబడి అరిచింది.

"ఓ పంతులూ! పద్యాలు చెప్తవ్ గద, చెయ్యి లేని సాలోడు ఏం నేస్తడో గా పద్యం జర చెప్పు, ఇంట!"

నేను కోపం ఆపుకోలేదు. "కొడవలి ఎత్తిన చేయే పోయింది. ధర్మం ఆలస్యం చేయలేదు" అన్నాను.

ఆమె "నీ నోట్ల పురుగులు వడ" అని గడప మీద ఉమ్మి పోయింది. గడప కడిగి, ఆ ఆవేశంలోనే యాదయ్యను ఉద్దేశించి ఒక ఆటవెలది కట్టాను:

తెగిన పోగు మరల తీర్చును నేతరి
తెగిన ప్రాణ మెవడు తీర్చగలడు?
చేతికత్తి కెరగి చేసిన పాపంబు
చేయి కడిగినంత చెరుగదయ్య!

పూజకు పెట్టిన ఆయుధాన్ని మనిషి మీదికి ఎత్తినవాడికి ఇంతకంటే ఏం చెప్పగలం? పద్యం బాగున్నదని నాకే అనిపించింది. నీవు చదివి ధైర్యం తెచ్చుకో.

జంగయ్య


జిల్లా జైలు
20 అక్టోబరు

మామయ్యకు,

పద్యం చదివాను. మళ్లీ పంపకండి.

పెట్టెను గడప దాటించవద్దు. ఇది మనవి కాదు. జబీన్ ఎవరో నాకు తెలియదు. బయటివాళ్ల చేతికి పోతే మన అంచుల డిజైన్లన్నీ మూడో రోజుకు అంగట్లో ఉంటాయి. చచ్చినదాన్ని లాక్కొని తిరగడం ఏం పాండిత్యం? కాలిపోయిన పడుగును ఏ సాలెవాడైనా ముడివేస్తాడా? పెరికి పారేసి కొత్తది ఎక్కిస్తాడు. మీరు నేతింట పుట్టారు, ఆ మాత్రం తెలియదా? హెచ్చరిక వస్తే రానీయండి. అది అందరికీ వచ్చేదే. ఎంటర్ కొట్టండి.

నిన్న భోజనాల వరుసలో ఒకడు, "గీడే గదా, ఎన్కకెళ్లి నరికినోడు" అన్నాడు. సత్తు పళ్లెం అంచుతో వాడి ముక్కు పగలగొట్టాను. నన్ను వేరే గదిలో వేశారు. నా మీద పడే మాటలు ఇలా ఉన్నాయి. మీరింకా ఆ పెట్టె వెంట పడి నా ప్రాణం తీయకండి.

శ్రీశైలం


గద్వాల
27 అక్టోబరు

చిరంజీవి శ్రీశైలానికి,

యాదయ్య పోయాడు.

కర్నూలు నుండి శవం ఇటిక్యాలకు పోతూ దారి మళ్లి మన వీధికి వచ్చింది. బండి మన షెడ్డు ముందు నిలిపి, చేయి లేని భుజం అందరికీ కనబడేటట్లు గుడ్డ తొలగించారు. తరువాత నిప్పు పెట్టారు. షెడ్డు తలుపు, పోగుల బస్తాలు, రెండు మగ్గాలు కాలాయి. నేను కంప్యూటరును గుండెకు హత్తుకుని బయటికి వస్తుంటే పెద్దవాడు కర్రతో నా ముంజేతి మీద కొట్టాడు. ఎముక చిట్లింది, పెట్టె మాత్రం జారనీయలేదు.

"గా డబ్బల ఏముందిరా ముసలోడా, గంత గట్టిగ పట్టుకున్నవ్?"

"నా అల్లుని ప్రాణముంది" అన్నాను.

"మా తమ్ముని ప్రాణం యాడ వెట్టినవ్ మరి?" అన్నాడు. సత్యమ్మ వచ్చి ఆపకపోతే రెండో దెబ్బ నా తల మీద పడేది. నన్ను కాపాడటానికి కాదు. "గీ ముసలోన్ని సంపి మీరు గూడ జైలుకు వోతే నా పిల్లల్ని ఎవడు సాకుతడు?" అని వాళ్లను తిట్టింది.

ఇప్పుడు నీ మీద ఉన్నది హత్యానేరం. నీ క్రితం ఉత్తరంలోని కోపాన్ని నేను పట్టించుకోలేదు. దెబ్బతిన్న పశువు తనకు కట్టు కట్టే చేతినే పొడుస్తుంది. చెరసాలలో ఎవడో నిన్ను వెనకనుండి నరికినవాడని అన్నాడన్నావు. ఆ నింద తుడవగలిగినది ఈ పెట్టె ఒక్కటే. నిప్పు తప్పించుకున్న సగం నేసిన చీరలో దీన్ని చుట్టాను. రేపు ఉదయం బస్సులో వనపర్తి పోతున్నాను. నీవు వద్దన్నా సరే.

జంగయ్య


జిల్లా జైలు
1 నవంబరు

మామయ్యా,

మీ ఉత్తరం ఇప్పుడే ఇచ్చారు. ఇది చేరేసరికి మీరు వెనక్కి వచ్చి ఉంటారేమో. ఇంకా ఏమీ చూడకపోతే ఆపండి. అమ్మ మీద ఒట్టు. ఈ ఉత్తరాలు అందరూ చదువుతారు. రాయలేనివి కొన్ని ఉంటాయి. చిన్నప్పుడు నాన్న పోతే నన్ను మీ తొడ మీద కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించారు. ఆ చేత్తోనే ఒక్క మీట నొక్కండి. ఇంకేమీ అడగను.

మీ శ్రీశైలం


గద్వాల
8 నవంబరు

శ్రీశైలానికి,

చిరంజీవి అని రాసి కొట్టివేశాను. ఆశీర్వదించే అధికారం నాకు ఇంకా ఉందో లేదో తెలియక.

చేతి కట్టు వల్ల ప్రయాణం వారం వెనుకబడింది, నీ ఒట్టు ఉత్తరం అందినా అర్థం కాకనే వనపర్తి పోయాను. జబీన్ ముందు డిస్కును ముట్టలేదు. వేరొక పెన్‌డ్రైవు నుండి లినక్సును వెలిగించి, నీ డిస్కును చదవడానికి మాత్రమే తెరిచింది. "సార్, గిది సావలే. పాత కెర్నల్ పోయింది, కొత్తది నిలవడలే. లోపల సామానంత అట్లనే ఉంది" అని నవ్వింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. కట్టు కట్టిన చేత్తోనే ఆమెకు దండం పెట్టాను.

తరువాత ఆమె నవ్వు ఆగింది. అప్‌గ్రేడు ఎక్కడ నిలిచిందో వెతుకుతుంటే నీవు మహానవమి తెల్లవారుజామున రాసిన చిన్న స్క్రిప్టు కనబడింది. యంత్రానికి నీవిచ్చిన ఆజ్ఞలు అందులో రెండే పంక్తులు. మొదటిది, అప్‌గ్రేడు చేయి. రెండవది, అది ముగిశాక కెమెరా నిలువ చేసినవన్నీ తిరిగి దొరకకుండా తుడిచివేయి.

"రెండోది ముందే చేయొచ్చు గదమ్మా?" అని అడిగాను. నేనింకా నీ తరఫునే వాదిస్తున్నాను.

"ముందుగాల తుడిస్తే ఎవరో కావాల్నని తుడిచిండ్రు అంటరు సార్. గిట్ల చేస్తే అప్‌గ్రేడ్‌ల పోయినయ్ అంటరు." ఆమె నా వైపు చూడలేదు. "మీరు తీగ వీకినందుకు మొదటి లైనే ముగియలే. రెండోది మొదలే కాలే."

ఇన్ని దినాలు నా మూఢత్వమే నిన్ను ఉరికంబం ఎక్కిస్తున్నదని కుమిలాను. కోపం లేదని నన్ను ఓదార్చావు. ఆ ఓదార్పుకు ఏ పేరు పెట్టాలో నేను చదివిన ఏ శాస్త్రంలోనూ దొరకలేదు.

దృశ్యం చూశాను. జబీన్‌ను బయటికి పంపి ఒక్కణ్నే చూశాను. అందులో శబ్దం లేదు. యాదయ్య గుంటలో కాళ్లు దించి నేస్తున్నాడు. నీవు వచ్చావు. వాడేదో చెప్పి నవ్వాడు, మళ్లీ మగ్గం వైపు తిరిగాడు. నీవు గోడ దగ్గర నూరిపెట్టిన వరుసలోంచి కొడవలి తీశావు. వెనకనుండే వచ్చావు. జైలులో నీవు ముక్కు పగలగొట్టినవాడు అబద్ధమాడలేదు. గుంటలో ఉన్నవాడు లేచి పారిపోలేడని నేతింట పుట్టిన నీకు తెలుసు. మొదటి వేటు చేతికి పడింది, రెండవది మెడకు. ఆ తర్వాతివి లెక్కపెట్టలేదు. చివరకు పిడిని పంచెతో తుడిచి, కొడవలిని వాడి పక్కన గుంటలోకి జారవిడిచి, అప్పుడు కేకలు వేశావు. ఆ కేకలకు పరుగెత్తుకొచ్చిన మొదటి మనిషిని నేనే. నా నెత్తి బోడిగా, అమాయకంగా, తెర మీద కనబడింది.

తిరిగి లోపలికి వచ్చిన జబీన్ ఒక మాట అడిగింది: "సార్, ఏం చేద్దాం? మీరు చెప్తే నేను ఏం చూడలే." నా మీది గౌరవంతో అన్నది.  మేనమామను కదా, ఆశపడ్డాను. తల్లి మీద పెట్టిన ఒట్టు ఉంది, నీవు రాయలేనిది నాకు అర్థమైంది. మీట మీద వేలు కూడా పెట్టాను. కాని ఆ చేతి కట్టు కింద ఎముక సలిపింది. నిన్ను కాపాడే సాక్షి కోసం విరిగిన చేయి అది. నీవు దాచిన సాక్షిని చంపడానికి దాన్నే వాడలేకపోయాను.

డిస్కును ఒక్క ముక్క కోయకుండా, నీ రెండు పంక్తులతో సహా, దర్యాప్తు అధికారికి అప్పగించి రసీదు తీసుకున్నాను. నీ వకీలుకు చెప్పాను. మీ అమ్మకు నేనే పోయి చెప్పాను. ఆమె నా చెంప మీద కొట్టింది. ఆమె కొట్టకపోయి ఉంటే నేను తట్టుకోలేకపోయేవాణ్ని.

అక్కడి నుండి ఇటిక్యాల పోయాను. అన్నలు కర్రలు తీశారు. సత్యమ్మ అరుగు మీద కూర్చునే ఉంది.

"మల్ల ఏం పద్యం దెచ్చినవ్ పంతులూ?"

"పాతదే తల్లీ. అప్పుడు చిరునామా తప్పు రాశాను."

జరిగినది చెప్పాను. ఆమె ఏడవలేదు. తనకు ముందే తెలుసునన్నట్లు తల ఊపింది. "పండుగ అయినంక ఈడనే సొంతంగ మగ్గం ఏస్కుంట అన్నడు. గా మాట మీ అల్లునికి చెప్పొస్త అని పోయిండు. గంతే" అన్నది. ఆ నవ్వు అదన్నమాట. సొంత మగ్గం పెట్టుకోబోయేవాడి నవ్వు. మన అంచులు తెలిసిన చేయి మన గడప దాటడం నీవు ఓర్వలేకపోయావు. నేను లేచి వస్తుంటే వెనకనుండి, "ధర్మం ఆలస్యం చేయలేదంటివి గద, పంతులూ!" అన్నది.  ఉమ్మివేసి ఉంటే కడుక్కునేవాణ్ని.

జబీన్ ఇంకొక డిస్కు పెట్టి, డిజైన్లు మాత్రం దించి, నీవు సగంలో వదిలిన అప్‌గ్రేడు మొదటి నుండి చేయించింది. యంత్రం భయం లేకుండా లేచింది. దాని మీద యాదయ్య ఆఖరున నేస్తున్న అంచు డిజైను ఉంది. అది సత్యమ్మకు ఇస్తాను, తీసుకుంటే.

నేను నిన్ను చూడటానికి రాను. ఎన్నడూ రానని అనను, ఇప్పుడు రాలేను. ఒక్క సంగతి మాత్రం నిన్ను అడగాలి. కోర్టు అడగదు, వకీలు అడగడు. ఆ దృశ్యంలో నీ నీడ పడుగు మీద పడగానే యాదయ్య తల తిప్పి కొడవలిని చూశాడు. అప్పటికి వాడి చేతిలో నాడె ఉంది. దాన్ని వాడు నీ మీదికి విసరలేదు. పోగు తెగకుండా మెల్లగా పక్కన పెట్టాడు. ఆ తర్వాతే ఖాళీ చేయి పైకెత్తాడు.

నీవు అది చూశావా?

జంగయ్య


జిల్లా జైలు
14 నవంబరు

మామయ్యా,

చూశాను.

శ్రీశైలం